అత్త చేతుల మీది నీలి మచ్చలు

"చెప్పు అత్తా. నోరు తెరిచి చెప్పు. నేను నిన్ను కొట్టిన్నా?"

"కొట్టినవని నేనెవరికన్న చెప్పిన్నా?"

"కొట్టలేదని చెప్పినవా మరి? ఎదురింటి అంతమ్మ వచ్చి నీ చెయ్యి పట్టుకుని అడిగితే ఏమన్నవు? 'ఏం చెప్పాలె తియ్యి అంతమ్మా' అన్నవు. గట్లంటే మనిషికి ఏమర్థమైతది?"

"వాళ్లకేమర్థమైతే నాకేంది? ఊరందరి నోళ్లు మూయించుడు నాతోని అయితదా?"

"ఊరి నోరు మూయించుడు వద్దు, నీ నోరు తెరువు చాలు. వ్యాన్ల నా పక్కన కూసునేటోళ్లు లేచి వేరే సీటుకు పోతున్నరు. ఆదివారం పెద్దమనుషులు మా బాపును పిలిపిస్తరట. ఆయన కొత్వాల్‌గూడ నుంచి వచ్చి అందరి ముందట ఏం చెప్పాలె?"

"గట్టిగ మాట్లాడకు. గోడ అవతల వింటరు."

"విననీ! వింటరనే గదా నువ్వు మెల్లగ మాట్లాడుతున్నవు. నేను గట్టిగ, నువ్వు మెల్లగ. వినేటోళ్లకు గదే సరిపోతది."

ఇది మా వంటింట్లో, దీపం పెట్టే వేళ జరిగిన మాట. మంజుల నా ఒక్కగానొక్క కొడుకు యాదగిరి పెండ్లాం. ఎయిర్‌పోర్టులో నేల తుడిచే పని చేస్తుంది. పొద్దున్నే వ్యాన్ ఎక్కి పోతుంది, సాయంత్రం వస్తుంది. ఆ రోజు వచ్చీ రాగానే, మెడలో వేలాడే గుర్తింపు బిళ్ల కూడా తీయకుండా నా ముందు నిలబడి ఇదంతా అడిగింది. నేను చేట ముందుకు లాక్కుని బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చున్నాను. సంచుల్లో వచ్చే ఈ కాలపు బియ్యంలో రాళ్లుండవు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

నా ఎడమ చేతి మీద, మోచేతికి కింద, అయిదు వేళ్ల గుర్తులు ఉన్నాయి. ముందు నాలుగు, వెనక బొటనవేలు. మొదట నేరేడు పండు రంగులో ఉండి, ఆ వేళకు అంచులు పసుపు తిరిగాయి. ఆ వేళ్లు మంజులవే, అందులో అబద్ధం లేదు. పదిహేను రోజుల కింద స్నానాల గది గడప దగ్గర, తడిసిన నున్నటి బండ మీద నా కాలు జారింది. బయట పళ్లు తోముకుంటున్న మంజుల బ్రష్ పారేసి పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోకపోతే తుంటి ఎముక విరిగి నేను ఈపాటికి మంచంలో ఉండేదాన్ని. ఆమె పట్టుకున్న చోట సాయంత్రానికి నీలం తేలింది. గాజు ఒత్తుకున్న చోట తోలు ఉల్లిపొరలా లేచి వచ్చింది. ఆ మచ్చలు చూసి వాడకట్టంతా మంజుల నన్ను కొడుతున్నదని అనుకుంది. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు.

తెలియక ఊరుకున్నానా అంటే అదీ కాదు. జారిన మరునాడే మంజుల పని మానుకుని నన్ను శంషాబాద్ దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ చిన్న పిల్ల. నా చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని, తేలిపోయిన అక్షరాలు చదివినట్టు చూసింది.

"ఇది రోగం కాదు అవ్వా. వయసు పైబడితే తోలు పలచబడతది. దాని కింద ఉండే మెత్తటి కొవ్వు తగ్గిపోతది. ఇగ సన్నటి నరాలకు ఆసరా ఉండదు. జర గట్టిగ పట్టుకున్నా, తలుపుకు తగిలినా లోపల్నే చిట్లి నెత్తురు నీలంగ తేలుతది. మీరు జన్మంతా ఎండల పని చేసిన్రు గదా, ఎండ గూడ తోలును తినేస్తది. తానం ఎట్ల చేస్తరు?"

"అందరు చేసినట్టే. మంచిగ కాగిన నీళ్లు, బట్టల సబ్బు, బీరపీచు."

"బట్టల సబ్బా?"

"సబ్బు సబ్బే గదా బిడ్డా. అన్ని నురుగే."

మంజుల మధ్యలో అందుకుంది. "మంచి సబ్బు తెస్తే పెట్టెల దాస్తది మేడం. చుట్టాలొస్తే పెట్టనీకట. ఆ చుట్టాలు ఇంక రాలేదు."

డాక్టరమ్మ నవ్వలేదు. చెప్పవలసినవన్నీ మెల్లగా చెప్పింది. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, పొగలు రాకూడదు. సబ్బు తక్కువ, అదీ మెత్తటిది. తువ్వాలతో రుద్దకూడదు, అద్దుకోవాలి. ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరి నూనె గాని మలాం గాని పట్టించాలి. నిండు చేతుల జాకెట్టు వేసుకోవాలి. గాజులు తీసేయాలి, గోళ్లు పెరగనీయకూడదు. ఎక్కడన్నా తోలు లేస్తే పీకేయకుండా, మంచినీళ్లతో కడిగి, ఆ పొరను మెల్లగా దాని చోట పరిచి, మెత్తటి గుడ్డ కట్టి దవాఖానకు రావాలి. అతికించే పట్టీ వేస్తే తీసేటప్పుడు పట్టీతో పాటు తోలూ వస్తుంది. నొప్పుల గోలీలు అడగకుండా మింగకూడదు, కొన్ని గోలీలకు నెత్తురు పలచనై మచ్చలు ఎక్కువవుతాయి. ఇవన్నీ చెప్పి, చివర ఒక మాట అన్నది.

"ఆ పీచు పారెయ్యి అవ్వా. నువ్వు మట్టి అని రుద్ది తీస్తున్నవు చూడు, అది మట్టి కాదు. నీ తోలే."

మంజుల తల ఊపుతూ వింటున్నది. నాకు ఆ తర్వాత మాటలు వినిపించలేదు. ఆ గదిలోని మందుల వాసన పోయి ముక్కుకు కాగుతున్న ఆముదం వాసన వచ్చింది. మా అత్త ఒంటి వాసన అది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు మొలలో చీర నిలిచేది కాదు. మూడో తరగతి మధ్యలో బడి మాన్పించి పెండ్లి చేశారు. మా అత్త అప్పటికే ముసలిది. నా పెనిమిటి ఆమెకు ఆఖరు సంతానం. నడుముకు తాళంచెవుల గుత్తి, నోట్లో తంబాకు, చేతి నిండా మట్టి రంగు గాజులు. పొద్దున లేచి ముందు గొడ్ల కాడికి పోయి వాటి ముఖాలు చూసిన తర్వాతే మనుషులతో మాట్లాడేది. చినిగిన చీరలను మడత మీద మడత వేసి బొంత కుట్టేది. పొయ్యిలో కట్టె ఒక్కటి ఎక్కువ మండినా "ఎవని పెండ్లికి?" అని అడిగేది. పొదుపు నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అది మాత్రం నాకు అచ్చివచ్చింది.

ప్రతి బుధవారం ఆమెకు తలస్నానం. ఆ రోజు పొలం పని ఎంత ఉన్నా కోడలు ఇంటి దగ్గరే ఉండాలి. పెరట్లో బండ పక్కన రాగి కాగు పెట్టి, ఎండిన ఆముదపు కట్టె మంట వేసి నీళ్లు మసలబెట్టేదాన్ని. ముందు ఒళ్లంతా ఆముదం. కాసేపు ఎండలో కూర్చోబెట్టి, ఆ తర్వాత శనగపిండి నలుగు, ఆపైన బీరపీచు. మా ఊళ్లో ఏ ఇంట్లోనైనా ఇదే పద్ధతి. పెద్దవాళ్ల ఒంటి మీది మట్టి ఎంత రాల్చితే అంత మంచి కోడలు. మసలే నీళ్లు తోడి చల్లనీళ్లు కొంచెమే కలపాలి. ఒళ్లు ఎర్రబడకపోతే స్నానం చేసినట్టే కాదు.

"ఇంకా గట్టిగ రుద్దు. మీ అవ్వ నీకు గట్క పెట్టలేదా, చేతుల బలమే లేదు," అనేది అత్త.

"తోలు ఎర్రగైతున్నది అత్తా."

"కానియ్యి. మట్టి రాలిందా?"

"రాలింది."

"ఏదీ, చూపు."

నలుగుతో పాటు ఉండలు ఉండలుగా వచ్చిన బూడిద రంగు మట్టిని అరచేతిలో పెట్టి చూపించాలి. ఆమె చూసి తృప్తిగా తల ఊపేది. ఒక్కొక్కసారి ఆ ఉండలు మరీ సన్నగా, మరీ తెల్లగా ఉండేవి. నేను చూపించాను, ఆమె చూసింది. ఇద్దరికీ అర్థం కాలేదు. స్నానం అయ్యాక నూనె చుక్క కూడా రాసేదాన్ని కాదు. కడిగిన ఒంటికి నూనె రాస్తే మళ్లీ మురికి పడుతుందని మా లెక్క. ఎండాకాలం చెరువు నెర్రెల మాదిరిగా ఆమె కాళ్లు పగిలేవి. ఆ పగుళ్లను రాయితో రుద్దేదాన్ని.

రెండేళ్లు గడిచాయేమో, ఒక చలికాలం ఆమె చేతుల మీద నీలి మచ్చలు తేలడం మొదలైంది. ఒకటి మాయమైతే రెండు వచ్చేవి. గాజుల కింద ఒకటి, మోచేతి పక్కన ఒకటి, పిక్క మీద పావలా బిళ్లంత ఒకటి. బావి దగ్గర ఆడవాళ్లు అడిగారు, "గా చేతులేంది అక్కా?" అని. అత్త కొంగు లాక్కుని చేతులు కప్పుకుంది. ఒక్క మాట అనలేదు. కప్పుకున్న కొంగుకే ఊరు అర్థం చెప్పుకుంది. నా పెనిమిటి అడిగితే "ఏమో బిడ్డా" అన్నది. ఆ "ఏమో" విని ఆయన నా వైపు తిరిగాడు. ఆ ఇంట్లో దెబ్బలు తిన్నది నేనొక్కదాన్నే, అదీ ఆ రోజే మొదలు. నా మచ్చలు ఎవరూ అడగలేదు. పడుచు తోలు కదా, నాలుగు రోజుల్లో మానిపోయేవి.

తర్వాత కులపెద్దలు మా వాకిట్లో కూర్చున్నారు. మహేశ్వరం దిక్కునున్న మా పుట్టింటి నుంచి మా బాపును పిలిపించారు. ఆయన ఎండలో నడిచి వచ్చి, నీళ్లిస్తే తాగకుండా, గోడ వారగా నిలబడ్డాడు. పెద్దాయన అత్తను అడిగాడు, "నీ కోడలు నిన్ను కొట్టిందా?" అని. అత్త తన చేతులకేసి చూసుకుంది. మూడుసార్లు అడిగారు. నేను పొయ్యి గదిలో తలుపు వెనక నిలబడి ఆమె నోటికేసి చూస్తున్నాను. 'లేదు' అన్న రెండు అక్షరాలు. మూడో తరగతి దాకా చదివిన నాకే రాయవచ్చిన రెండు అక్షరాలు. అవి ఆమె నోట రాలేదు. "ఇగ మాట్లాడది అంటే ఏందన్నట్టు?" అని పెద్దాయన అందరినీ చూశాడు. మా బాపు ముందుకు వచ్చాడు. తలకు చుట్టిన రుమాలు విప్పి మా అత్త కాళ్ల మీద పెట్టాడు. "నా బిడ్డ తప్పు చేస్తే నా మొకం చూసి మన్నించు వదినె," అన్నాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకోలేదు, రుమాలు తీసి ఇవ్వలేదు. బోడి తలతో మా బాపు వాకిలి దాటి పోవడం నేను చూశాను. మళ్లీ ఆయన బతికున్నంత కాలం మా గడప తొక్కలేదు. యాదగిరి పుట్టినప్పుడు మా అన్నతో బట్టలు పంపి, తాను ఊరి బయట తుమ్మచెట్టు కింద కూర్చున్నాడట. లోపలికి రాలేదు.

ఆ బుధవారం కూడా నేనే నీళ్లు పెట్టాను. ఆ బుధవారం నుంచి అంతకుముందు కంటే గట్టిగా రుద్దాను. ఇది ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. కోపమంతా పీచులోకి పోయింది. ఆమె అదే మాట అడిగేది, "మట్టి రాలిందా? ఏదీ, చూపు." నేను చూపించేదాన్ని. ఆమె పోయినప్పుడు ఆఖరి స్నానం చేయించింది కూడా నేనే. చేతుల మీద మచ్చలు అట్లాగే ఉన్నాయి. చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తుంటే నాకు కళ్లు తడి కాలేదు. రాతి మనిషినని అన్నారు. అననీ అనుకున్నాను.

దవాఖానలో ఆ పిల్ల "నీ తోలే" అన్నప్పుడు నాకు తెలిసింది. మా అత్తను నేను కొట్టలేదు. కానీ ఆ మచ్చలు నా చేతుల వల్ల వచ్చినవే. మంచి కోడలు అనిపించుకోవాలని పడ్డ కష్టమే ఆమె ఒంటి మీద అట్లా తేలింది. ఆమెకు మాత్రం ఏం తెలుసు? పడుకుని లేస్తే మచ్చ ఉంటుంది. ఎట్లా వచ్చిందో గుర్తుండదు. ఎవరు కొట్టారో తెలియదు, ఎవరూ కొట్టలేదని కూడా నమ్మకంగా తెలియదు. అందుకే "ఏమో" అన్నదేమో. తెలిసే ఊరుకుందేమో కూడా. అడగడానికి ఆమె లేదు. నేను ఆమెను మన్నించలేదు, ఇప్పటికీ లేదు. మా బాపు బోడి తల నాకు అడ్డం వస్తుంది.

కానీ నా సంగతి వేరు. అప్పుడు చెప్పే డాక్టరమ్మ లేదు. ఇప్పుడు ఉంది, చెప్పింది, నేను విన్నాను. మీట నొక్కితే నీళ్లు వేడెక్కుతాయి, ఎంత వేడి కావాలో అంతే. కొట్టుకు పోతే ఒంటికి రాసే మలాంలు అల్మారా నిండా ఉన్నాయి. అన్నీ ఉండి, అన్నీ తెలిసి, నేను నోరు మూసుకున్నాను. ఎందుకంటే, సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ పదిహేను రోజులు నాకు బాగుంది. మా చేలు ఉన్నప్పుడు ఆముదాలు ఎప్పుడు విత్తాలో, ఏ దూడను ఉంచుకోవాలో ముసలివాళ్లను అడిగేవారు. ఇప్పుడు చేలు పోయాయి. కొన్నింటి మీద విమానాలు దిగుతున్నాయి, కొన్నింట్లో ప్లాట్ల హద్దురాళ్లు పాతారు. నన్ను అడగవలసిన మాట ఎవరికీ ఏమీ లేదు. మచ్చలు తేలగానే అంతమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఒకామె సీతాఫలాలు తెచ్చింది. "తిన్నవా?" అని అడిగే మనుషులు నలుగురయ్యారు. యాదగిరి కూడా పనికి పోయేముందు నా మంచం దగ్గర ఆగి, "అవ్వా, నిజం చెప్పు, ఏమైంది?" అని అడిగాడు. "నీ పెండ్లాన్నే అడుగు," అన్నాను. డాక్టరమ్మ మాట ఆమె ఎంత చెప్పినా నమ్మక, ఆ రోజు నుంచి వాడు ఆమె పెట్టిన అన్నం డబ్బా తీసుకోకుండా పోతున్నాడు. ఆ మూత పెట్టిన డబ్బాను నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

ఇంత చేసిన నా ముందు ఆ సాయంత్రం మంజుల పోట్లాడి, ఏడ్చి, ముఖం కడుక్కుని, మళ్లీ వచ్చి కింద కూర్చుంది. చేతిలో కొబ్బరి నూనె గిన్నె. దవాఖాన నుంచి వచ్చిన రోజు మొదలు ఒక్క పూట కూడా మానలేదు.

"చెయ్యి ఇయ్యి."

"వద్దు తియ్యి ఇయ్యాల."

"నీ మీద ప్రేమతోని గాదు. ఇంకో మచ్చ తేలితే అది గూడ నా మీదికే వస్తది. ఇయ్యి."

ఇచ్చాను. రుద్దకుండా, అద్దినట్టుగా, వేళ్ల కొసలతో రాసింది. తోలు లేచిన చోట గుడ్డ తడిపి, మెల్లగా ఊడదీసి కొత్తది కట్టింది. ఎయిర్‌పోర్టులో రోజంతా మందు నీళ్లు పిండిన చేతులు అవి, గరుకుగా ఉన్నాయి. అయినా నాకు నొప్పి తెలియలేదు. మా అత్త చేతులను నేను ఒక్కసారి కూడా అట్లా పట్టుకోలేదు.

"ఆదివారం మీ బాపు వస్తడా?" అని అడిగాను.

"పిలిస్తే రాక తప్పుతదా?"

"రుమాలు కడతడా ఇంకా?"

నేను ఎందుకు అడిగానో ఆమెకు అర్థం కాలేదు. "కడతడు," అని గిన్నె తీసుకుని లేచిపోయింది.

మరునాడు పొద్దున మంజుల తయారవుతుండగానే నేను ముందుగా బయలుదేరాను. వ్యాన్ ఆగే కిరాణా కొట్టు దగ్గర ఏడెనిమిది మంది ఆడవాళ్లు ఒక్క రంగు బట్టల్లో నిలబడి ఉన్నారు. పాల ప్యాకెట్ కోసం వచ్చిన అంతమ్మ కూడా ఉంది. నిండు చేతుల జాకెట్టును మోచేతి దాకా పైకి లాగి చెయ్యి చూపించాను.

"ఇవి మంజుల వేళ్లే. నేను జారి పడుతుంటే పట్టుకున్నది. నన్ను కొట్టలేదు, ఒక్కనాడు తిట్టలేదు. వయసుకు తోలు పలచనై గిట్లయితదని డాక్టర్ చెప్పింది. నాకు ముందే ఎరుక, నేనే చెప్పలే. ఆదివారం పెద్దమనుషుల ముందట గూడ గిదే చెప్త."

అంతమ్మ వచ్చి నా జాకెట్టు చెయ్యి తనే కిందికి లాగి, నా వీపు నిమిరింది.

"ఎరుకనే వదినె. కోడలితోని అదే ఇంట్ల ఉండాల్సినదానివి. గట్లనే చెప్పాలె," అన్నది.

"గట్ల గాదు అంతమ్మా, నిజం చెప్తున్న."

"ఊ, ఊ," అన్నది అంతమ్మ.

ఆ లోగా మంజుల వచ్చింది. నన్ను అక్కడ చూసి ఆగింది. వ్యాన్ వచ్చింది. అందరూ ఎక్కారు, ఆమె చివర ఎక్కింది. నేను కిటికీల వెంట చూస్తూ నిలబడ్డాను. మంజుల వెనక వరుసలో కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకుంది. ముందు ఒక సీట్లో ముగ్గురు ఇరుక్కుని కూర్చున్నారు. వ్యాన్ కదిలింది. మంజుల పక్క సీటు ఖాళీగానే ఉంది.